బాప్తిస్మం తీసుకున్నాక కూడా పాత అలవాట్లు పోకపోతే నా మారుమనస్సు నిజం కాదా?

వందనాలు బ్రదర్. బాప్తిస్మం తీసుకుని ఏడాది దాటినా జీతం పడిన రోజు ఫ్రెండ్స్‌తో మందుకి కూర్చుంటున్నానని, కోపం వస్తే బూతులు ఆగట్లేదని, అందుకే బల్లలో (ప్రభువు సంస్కారపు రొట్టె, ద్రాక్షారసంలో) పాలు పొందడం కూడా మానేశానని రాశారు. అసలు నాది రక్షణేనా అని అడిగారు. ముందు బైబిల్లో ఎఫెసీ పత్రిక, అంటే ఎఫెసు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, నాలుగో అధ్యాయం ఒకసారి తీసి చూడండి. పౌలు దాన్ని రాసింది బయటివాళ్లకి కాదు, అప్పటికే సంఘంలో ఉన్న విశ్వాసులకి. వాళ్లకే అబద్ధాలు మానండి, దొంగతనం చేసేవాడు ఇక చేయకూడదు, చెడ్డ మాట నోట రానివ్వకండి అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాల్సి వచ్చింది. ప్రాచీన స్వభావం, అంటే మన పాత పాపపు బుద్ధి, బాప్తిస్మపు నీళ్లలోనే పోయేదైతే ఆయనకి అంత రాయాల్సిన పనేముంది?

మన సంఘాల్లో చిక్కేంటంటే, ఒక్క రాత్రిలో ప్రభువు విడిపించాడు అనే సాక్ష్యాలకే మైకు దొరుకుతుంది. అలా విడుదలైనవాళ్లు నిజంగానే ఉన్నారు, మా మామయ్య ఒకాయన బీడీ అలాగే వదిలేశాడు. కానీ రోజూ సాయంత్రం పళ్లు బిగబట్టి ఇంటికి చేరేవాణ్ణి స్టేజీ మీదకి ఎవరూ పిలవరు కాబట్టి, మిగతా అందరికీ ఒక్కసారిగా పోయింది, నా ఒక్కడికే పోలేదు అనుకుని లోపల్లోపలే దాచుకుంటాం. నేనూ అంతే. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి ఇచ్చే వాక్యం కార్డు) చేతిలో పట్టుకుని ఏడుస్తూ జీవితాంతం ముట్టనని తీర్మానం చేసుకోవడం, సంక్రాంతికి ఊరెళ్లగానే బావమరుదులతో కూర్చోవడం. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులు నీచు కూడా ముట్టకుండా ఉండి ఈస్టర్ సాయంత్రానికే బాటిల్ తీసేవాళ్ల సంగతి మీకూ తెలిసే ఉంటుంది. (తిమోతిని కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్న వచనం తాగేవాళ్లందరికీ కంఠతా వచ్చు. మద్యంతో మత్తులో పడొద్దన్న ఎఫెసీ 5:18 మాత్రం ఎవరికీ గుర్తురాదు.)

నాకు పనికొచ్చింది ఏంటంటే, ఆ 'జీవితాంతం' అనే తీర్మానాలు మానేసి ఏ రోజుకి ఆ రోజు చూసుకోవడం. లూకా 9:23లో యేసు ప్రభువు ప్రతిదినము సిలువ ఎత్తుకోమన్నాడు, ఏడాదికోసారి కాదు. నా ఇబ్బంది డ్యూటీ దిగాక మెయిన్ గేటు నుంచి బస్టాప్ దాకా ఉన్న దారే, మధ్యలో వైన్ షాపు. కాబట్టి పొద్దున ప్రార్థనలో, ప్రభువా నన్ను పరిశుద్ధపరచు అని ఊరికే అనకుండా, ఈ రోజు సాయంత్రం ఆరింటికి ఆ షాపు ముందు నన్ను కాపాడు అని అడగడం మొదలుపెట్టాను. నిర్ణయం పొద్దున్నే అయిపోవాలి, సాయంత్రం భుజం మీద చెయ్యి పడ్డాక ఆలోచన పనిచేయదు. తర్వాత వెనక గేటు నుంచి వెళ్లడం, ఏటీఎం కార్డు మా ఆవిడకి ఇచ్చి ఫోన్‌లో యూపీఐ తీసేయడం. ఇవన్నీ విశ్వాసం లేక చేసే పనులని ఒక అన్న అన్నాడు. నేనలా అనుకోను. రోమా 8:13 ప్రకారం శక్తి ఆత్మదే, కానీ శరీర క్రియల్ని, అంటే ఈ పాత అలవాట్లని, చంపాల్సింది మాత్రం మనం.

ఇంకోటి, మానేస్తే చాలదు. దొంగని దొంగతనం ఆపమని మాత్రమే కాదు, చేతులతో కష్టపడి అవసరంలో ఉన్నవాళ్లకి పెట్టమని కూడా రాశాడు పౌలు (ఎఫెసీ 4:28). మా పాస్టర్ గారు గృహ కూటాలకి (ఇళ్లలో జరిగే ప్రార్థనలకి) చాపలు, మైకు సెట్టు మోసే పని నాకు అప్పగించారు. ఏడింటికి ఎవరింట్లోనో చాపలు పరచాల్సినవాడికి ఆరింటికి షాపు దగ్గర నిలబడే తీరిక ఉండదు కదా. పాటల పుస్తకాలు పంచడం కూడా నా మీదే పడింది, అది వేరే కథ.

బూతులు మందు కంటే మొండివి, ఎందుకంటే నోటికి అడ్డదారి లేదు. సూర్యుడు అస్తమించేలోపు కోపం పోవాలన్న మాటని అక్షరాలా పట్టుకుని, ఎవర్ని తిట్టానో ఆ రోజే వాళ్ల దగ్గరికి వెళ్లి క్షమించమని అడగడం పెట్టుకున్నాను. నా కింద పనిచేసే కుర్రాడి ముందు, నలుగురూ చూస్తుండగా అడగాలంటే చచ్చేంత సిగ్గు. ఆ సిగ్గు గుర్తొచ్చే మరుసటి రోజు నోరు కాస్త అదుపులో ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ముఖ్యంగా ట్రాఫిక్‌లో.

ఇంట్లోవాళ్లు వెంటనే నమ్మరు, అందుకు టెన్షన్ పడొద్దు. మా ఆవిడ చాలాకాలం తలుపు తీయగానే ముందు వాసన చూసేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది, కానీ ఆవిడ పడిన రాత్రులు ఆవిడకి గుర్తుంటాయిగా.

మీరు జీతం రోజు మాత్రమే అన్నారు కానీ, ఇది చదివే ఇంకెవరైనా రోజూ ఎక్కువగా తాగేవాళ్లైతే ప్రార్థన చేసి ఒక్కసారిగా ఆపేయకండి. చేతులు వణకడం, ఫిట్స్ రావడం లాంటివి జరిగి ప్రాణం మీదకి రావచ్చు, డాక్టర్ని కలిసే ఆపాలి. 14446 అని కేంద్ర ప్రభుత్వ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల మీటింగులు మన దేశంలోనూ జరుగుతాయి, వాళ్ల పద్ధతి కూడా ఈ ఒక్క రోజుకి తాగకుండా ఉండడమే.

ఇక బల్ల సంగతి. 1 కొరింథీ 11:28లో తన్ను తాను పరీక్షించుకుని ఆ తర్వాత తినమని ఉంది, పరీక్షించుకుని వెనక బెంచీ నుంచి జారుకోమని లేదు. మీ సంఘంలో బల్ల ఏ ఆదివారమో, ఆ ముందు శనివారమే పాస్టర్ గారిని గానీ, మీకు నమ్మకమున్న ఒక పెద్దని గానీ కలిసి ఇక్కడ రాసిందంతా చెప్పండి, జీతం పడే తేదీతో సహా. ఆ రోజు సాయంత్రం మీకు ఫోన్ చేయమని కూడా అడగండి.