గుండు లేకపోయినా ఫిరంగి చేతులు తీస్తుంది

“పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపించే ప్రదర్శనల్లో గుండు వేయరు, వట్టి తుపాకి మందే పేలుస్తారు. మరి అంత భయం ఎందుకు?” అని ఒకరు అడిగారు. ఎనిమిదేళ్లు ఫిరంగి జట్టులో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. గుండు లేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లను చూస్తేనే నాకు టెన్షన్.

ఒక ప్రదర్శనలో ఆ రోజు మూడోసారి పేల్చాలి. పేల్చిన ప్రతిసారీ గొట్టం అడుగున మసి, మందు నింపిన సంచి కాలీకాలని ముక్కలు మిగులుతాయి. తడి కుచ్చుతో తుడవాలి, పొడి కుచ్చుతో మళ్లీ తుడవాలి, మా నియమం ప్రకారం 10 నిమిషాలు ఆగాలి. మైకులో వ్యాఖ్యాత “ఫిరంగి ఏమైంది?” అని రెండుసార్లు అరిచాడు. జనం ఈలలు వేశారు. మేం ఒక్కసారి తుడిచి సరిపెట్టేశాం.

తుపాకి మందులో సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. సురేకారంలోనే ప్రాణవాయువు ఉంటుంది కాబట్టి ఆ మందు మండడానికి బయటి గాలి అక్కర్లేదు. లోపల మిగిలిన నిప్పురవ్వకు మాత్రం గాలి కావాలి. అందుకే మందు దట్టించేటప్పుడు గొట్టం వెనక ఉన్న రంజకం రంధ్రాన్ని, అంటే మందుకు నిప్పు అందించే చిన్న కన్నాన్ని, ఒక మనిషి తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో మూసి ఉంచుతాడు. మా కుర్రాడిని ఎవరో ఫొటో కోసం పిలిచారు. తల తిప్పాడు, వేలు జరిగింది.

నా స్నేహితుడు సంచిని కర్రతో లోపలికి తోస్తుండగానే పేలింది. కర్ర ఎగిరి ఎక్కడో మైదానంలో పడింది. కర్ర పట్టుకున్నప్పుడు బొటనవేలిని దాని చుట్టూ బిగించకుండా మిగతా వేళ్ల వైపే ఉంచాడు, గొట్టానికి పక్కగా నిలబడ్డాడు. చెయ్యి దక్కింది అందుకే. అరచేతి తోలు మాత్రం ఊడొచ్చింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

తుపాకులవాళ్లూ ఇంతే. మందు నింపుకునే కొమ్ములోంచి నేరుగా వేడి గొట్టంలో పోస్తారు. లోపల ఒక్క రవ్వ ఉన్నా కొమ్ము మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. ఒక్కో పేల్పుకు సరిపడా కాగితం పొట్లాలు ముందే కట్టుకుంటే ఏం పోతుంది? చవగ్గా వస్తాయని పాలిస్టర్ దుస్తులు వేసుకొచ్చేవాళ్లను చూస్తే ఇంకా కోపం. నిప్పు పడితే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు, ఉన్ని అలా చేయవు.

ఇక నిర్వాహకులు. వాళ్లకు చప్పుడు ఆగకూడదు. నన్నడిగితే ఈ ప్రమాదాలన్నిటికీ మూలం ఆ తొందరే. ఆ తర్వాత మేం గడియారం చూడటానికే ఒక మనిషిని పెట్టుకున్నాం. అతను చెయ్యి ఎత్తేదాకా మందు పెట్టె మూత తీసేది లేదు. ఒకచోట దీని మీద పెద్ద గొడవైంది, మరుసటి ఏడు మమ్మల్ని పిలవలేదు. మేమూ అడగలేదు.