ఇటుక గోడా, జిప్సం బోర్డా? ముందు నేల చెమ్మ చూడండి

హాలు మధ్యలో కట్టే గోడకు మేస్త్రీ ఇటుక అంటున్నాడు, కార్పెంటర్ జిప్సం అంటున్నాడు, ఎవరి మాట వినాలో తెలియడం లేదన్నారు. ఒకరు బరువు చూడలేదు, ఇంకొకరు చెమ్మ చూడలేదు. నల్గొండలో మీ పాత ఇంటి హాలును రెండు గదులు చేయాలంటే ముందు ఈ రెండూ తేలాలి.

1. బరువు. హాలు పై అంతస్తులో ఉండి, గోడ వచ్చే చోట కింద బీమ్ లేకపోతే ఇటుక వద్దు. ప్లాస్టరింగ్‌తో కలిపి నాలుగున్నర అంగుళాల గోడ చదరపు అడుగుకు సుమారు 25 కిలోలు. మామూలు జిప్సం గోడ 2, 3 కిలోలే.

2. చెమ్మ. అందరూ వదిలేసేది ఇదే. కింది అంతస్తు, అందులోనూ పాత షాబాద్ బండల నేల అయితే తప్పక చూడండి. గోడ వచ్చే చోట రెండడుగుల పాలిథిన్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. బోర్డు ఆనే పాత గోడకు కూడా కింది భాగంలో ఇలాగే చేయండి. షీటు అడుగున నీటి చుక్కలు కడితే జిప్సం మానేసి, డీపీసీ (చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసే పొర) వేయించి ఇటుకే కట్టించండి. చెమ్మను తట్టుకుంటుందని అమ్మే ఆకుపచ్చ జిప్సం బోర్డు కూడా ఆ చెమ్మకు ఆగదు. ఎండాకాలంలో పొడిగా కనబడితే నమ్మొద్దు, రెండు మంచి వానలు పడ్డాక మళ్లీ చూడండి. మేం ఇది చూడకుండా కట్టించాం. ఒక్క వానాకాలానికే బోర్డు కింది భాగం ఉబ్బి, చెదలు పట్టాయి.

3. పొడిగా ఉంటే జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) చానెళ్లతో జిప్సం గోడ కట్టించండి, చెక్క ఫ్రేమ్ వద్దు. బోర్డును నేలకు ఆనించకుండా అర అంగుళం పైకి బిగించి, స్కర్టింగ్‌తో మూయించండి.

4. టీవీ, అల్మారా ఎక్కడ వస్తాయో బోర్డు మూయకముందే చెప్పండి. అక్కడ లోపల ప్లైవుడ్ పెట్టాలి.