మాత్ర పేరులో ‘సక్సినేట్’ ఉంటే కీళ్లవాపు పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. మాత్రలు వేసుకుంటున్నాను. అయినా పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. సక్సినేట్‌ను పసిగట్టే రిసెప్టర్‌ను అడ్డుకుంటే కీళ్లవాపు తగ్గుతుందని చదివాను. ఆ మందు దొరుకుతుందా? నా బీపీ మాత్ర స్ట్రిప్ మీద ‘మెటోప్రోలాల్ సక్సినేట్’ అని ఉండటంతో భయపడి రెండు రోజులుగా మానేశాను. సరైన పనేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు బీపీ మాత్ర సంగతి చూద్దాం. అది రాసిన డాక్టర్‌కు ఈరోజే ఫోన్ చేయండి. రెండు రోజులు మానేశానని చెప్పి, వారు చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టండి. మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి ఆపితే గుండె దడ రావచ్చు, బీపీ ఎగబాకవచ్చు. గుండెజబ్బు ఉన్నవారికైతే గుండెపోటు కూడా రావచ్చు. ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా ఫోన్‌తో సరిపెట్టకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఆ పేరులో అసలు మందు మెటోప్రోలాల్, సక్సినేట్ దానితో జతకట్టిన లవణ భాగం మాత్రమే. 50 మి.గ్రా. మాత్రలో అది 10 మి.గ్రా. కూడా ఉండదు. మన కణాల్లో ఆహారం శక్తిగా మారే క్రమంలో రోజుకు వందల గ్రాముల సక్సినేట్ తయారై అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. దాని ముందు మాత్రలోని పిసరంత లెక్కలోకే రాదు.

మీరు చదివిన విషయంలో నిజం లేకపోలేదు. సక్సినేట్ మామూలుగా కణం లోపల ఉండాల్సిన పదార్థం. వాచిన కీలులో మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు రెచ్చిపోయి ఉంటాయి, ఆక్సిజన్ కూడా చాలదు. దాంతో సక్సినేట్ పోగుపడి బయటికి వస్తుంది. దాన్ని కణం పైపొర మీదుండే ఎస్‌యూసీఎన్‌ఆర్1 అనే రిసెప్టర్ పసిగడుతుంది. పాత పేరు జీపీఆర్91. అది గుర్తించేది సక్సినేట్‌నేనని 2004లో తేలింది. సక్సినేట్ తగిలితే ఈ రిసెప్టర్ ద్వారా మాక్రోఫేజ్‌లు ఐఎల్-1 బీటా అనే వాపు ప్రొటీన్‌ను మరింతగా వదులుతాయని, రిసెప్టర్ లేని ఎలుకల్లో కీళ్లవాపు తక్కువగా ఉందని 2016లో వచ్చిన పరిశోధన చూపింది.

అయితే అక్కడి నుంచి మాత్ర దాకా చాలా దూరం ఉంది. సక్సినేట్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఎన్‌ఎఫ్-56-ఈజే40 అనే పదార్థాన్నే (బ్లాకర్) తీసుకోండి. మనిషి రిసెప్టర్‌ను అది గట్టిగా పట్టుకుంటుంది, ఎలుక రిసెప్టర్‌ను పట్టుకోదు. ఎలుక రిసెప్టర్‌లో రెండే రెండు అమైనో ఆమ్లాలను మనిషిలో ఉన్నట్టు మార్చాకే పట్టుకుంది. కాబట్టి దాన్ని మామూలు ఎలుకలకు ఇచ్చి ‘పనిచేయలేదు’ అంటే ఆ ఫలితానికి అర్థం లేదు. కణాల మీద చేసే పరీక్షల్లోనూ పొరపాట్లు జరుగుతాయి. రక్తంలోని మోనోసైట్లనే తెల్ల కణాలను ఆరేడు రోజులు పెంచి మాక్రోఫేజ్‌లుగా మార్చి, ముందు బ్లాకర్, తర్వాత సక్సినేట్ వేసి ఐఎల్-1 బీటాను కొలుస్తారు. సోడియం సక్సినేట్ బదులు సక్సినిక్ ఆసిడ్ వేస్తే ఆమ్లత్వం మారిపోయి కణాలు దానికే స్పందిస్తాయి. సక్సినేట్‌కే మరో రూపమైన డైఇథైల్ సక్సినేట్ అయితే కణం లోపలికే దూరిపోతుంది. లోపల అది వాపును పెంచే దారి వేరు, పైపొర మీద వేసిన తాళం దాన్ని ఆపలేదు. రిసెప్టర్‌ను తీసేసిన కణాల్లోనూ బ్లాకర్ అదే ప్రభావం చూపితే, అది పనిచేస్తున్నది ఇంకెక్కడో అన్నమాట. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే.

పైగా ఈ రిసెప్టర్ అన్నిచోట్లా వాపునే పెంచదు. మాక్రోఫేజ్‌ల వంటి కణాల్లో ఇది లేని ఎలుకలకు కొవ్వు కణజాలంలో వాపు పెరిగిందని 2019లో మరో పరిశోధన చూపింది. కిడ్నీలో ఇదే రిసెప్టర్ రెనిన్ అనే పదార్థం విడుదలకు, అంటే బీపీకి ముడిపడి ఉంది. అందుకే సక్సినేట్ రిసెప్టర్‌ను అడ్డుకునే మందు ఏదీ ఇంకా చికిత్సలోకి రాలేదు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ బయటికొస్తే దాన్ని పసిగట్టే పీ2ఎక్స్7 రిసెప్టర్ కథ కూడా ఇలాగే నడిచింది. దాన్ని అడ్డుకునే ఏజెడ్‌డీ9056 అనే ప్రయోగాత్మక మందు ల్యాబ్‌లో ఐఎల్-1 బీటాను చక్కగా తగ్గించినా, రుమటాయిడ్ రోగులకు ఇచ్చి చూస్తే కీళ్లకు చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

నిజానికి మీరు వాడుతున్న మెథోట్రెక్సేట్ ఇలాంటి రిసెప్టర్ దారిలోనే కొంత పనిచేస్తుంది. అది కణాల బయట అడెనోసిన్ అనే పదార్థాన్ని పెంచుతుంది. ఆ అడెనోసిన్ ఏ2ఏ రిసెప్టర్‌ను తట్టి వాపును చల్లారుస్తుంది. ఇక్కడ రిసెప్టర్‌ను మూయకూడదు, తెరిచి ఉంచాలి. కాఫీలోని కెఫీన్ దీన్ని అడ్డుకుంటుంది. కాఫీ వల్ల మెథోట్రెక్సేట్ ప్రభావం తగ్గుతుందా అన్నదాని మీద పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు కాబట్టి పూర్తిగా మానాల్సిన పనిలేదు, అతి చేయకపోతే చాలు.

గంటసేపు బిగుసుకుపోవడం జబ్బు ఇంకా అదుపులోకి రాలేదనడానికి గుర్తు. వేళ్లు అరచేతితో కలిసేచోటి కణుపుల వరసను రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కితే నొప్పి పుడుతుందేమో చూసుకుని రుమటాలజిస్టుకు చెప్పండి. వాపు ఎంతుందో చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. మోతాదు పెంచాల్సి వస్తే ఒక సంగతి అడగండి: 15 మి.గ్రా. దాటాక మాత్రల ద్వారా ఒంటికి పట్టేది పెద్దగా పెరగదు, అదే మోతాదు చర్మం కింద ఇంజెక్షన్‌గా తీసుకుంటే బాగా పడుతుంది. అదీ చాలకపోతే మరో మందు జతచేస్తారు.

ఫోలిక్ యాసిడ్ గురించి మీరు రాయలేదు. వారానికి కనీసం 5 మి.గ్రా., మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున వాడాలి. రక్తకణాలు, లివర్, క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు రెండు మూడు నెలలకోసారి తప్పనిసరి. మోతాదు పెంచిన కొత్తలో ఇంకా దగ్గర దగ్గరగా చేయించాలి. మెథోట్రెక్సేట్ వారంలో ఏ రోజున వేసుకోవాలో స్ట్రిప్ మీదే పెన్నుతో రాసుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో పుళ్లు, జ్వరం, చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే మాత్ర ఆపి అదేరోజు ఆస్పత్రికి వెళ్లండి. మూత్రంలో మంటకో, దగ్గుకో ఎవరైనా యాంటీబయాటిక్ రాస్తుంటే మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందే చెప్పండి. ట్రైమెథోప్రిమ్ ఉన్న మందులు దీనితో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది.