విండోస్ ఒప్పుకుంది, టాలీ మొరాయించింది

ప్రశ్న: మాది తెనాలిలో ఎరువుల షాపు. కంప్యూటర్ బాగా నెమ్మదిగా ఉందని పాత హార్డ్‌డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీ అనే వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్‌లోకి క్లోన్ చేయించాం. విండోస్, లెక్కలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి గానీ, బిల్లులూ లెక్కలూ రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎడ్యుకేషనల్ మోడ్ అంటోంది, 17వ తేదీ బిల్లు వేద్దామంటే తీసుకోవట్లేదు. డబ్బు కట్టి కొన్న లైసెన్సే కదా, ఎందుకిలా? ఇంకోటి, పాత డిస్క్ మా బావమరిది కంప్యూటర్‌లో పెట్టి వాడుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: టెన్షన్ పడకండి, మీ లైసెన్సూ డేటా ఎక్కడికీ పోలేదు. క్లోన్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా, ఫార్మాట్ చేసినప్పుడు పడిన వాల్యూమ్ నంబరుతో సహా, కాపీ అవుతుంది గానీ తయారుచేసినవాళ్ళు ఆ డిస్క్‌కి ఇచ్చిన సీరియల్ నంబరు మాత్రం రాదు. విండోస్ ప్రధానంగా చూసేది మదర్‌బోర్డుని, అందుకే కిమ్మనలేదు. లైసెన్స్‌ని కంప్యూటర్ హార్డ్‌వేర్‌తో ముడిపెట్టే సాఫ్ట్‌వేర్లకు మాత్రం డిస్క్ మారితే ఇదేదో కొత్త కంప్యూటర్ అనిపించవచ్చు. ఎడ్యుకేషనల్ మోడ్ నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టింది కాబట్టి అందులో నెలకి 1, 2, 31 తేదీలే పనిచేస్తాయి.

ఈలోగా 17న అమ్మిన యూరియాని 2వ తేదీ కింద వేసేసి తర్వాత మార్చుకుందాంలే అనుకోకండి. అలా వేసినవాళ్ళు జీఎస్టీ రిటర్న్ దగ్గర ఏ బిల్లు ఏ రోజుదో తేలక తల పట్టుకుంటారు. అంతవరకూ కాగితం మీద రాసిపెట్టుకోండి, కొంపేం మునగదు.

ముందు డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, నెట్ పెట్టి, మీ టాలీ సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన మెయిల్ ఇచ్చి మళ్ళీ యాక్టివేట్ చేయండి. వేరేచోట యాక్టివ్‌గా ఉందని అంటే ఎస్‌ఎస్‌డీ తీసేసి పాత డిస్క్ ఒక్కటే పెట్టి, అందులో టాలీ తెరిచి లైసెన్స్ సరెండర్ చేసి, అంటే అక్కణ్ణుంచి వదిలించి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవచ్చు. నిజానికి క్లోన్‌కి ముందే సరెండర్ చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, సర్వీస్ కుర్రాళ్ళు ఆ సంగతి చెప్పరు. పాత డిస్క్ పాడైపోతే సరెండర్‌కి బదులు లైసెన్స్ రీసెట్ ఉంది. చాలామంది ఇరుక్కునేది మెయిల్ దగ్గరే, యాక్టివేట్ చేయడానికి కావాల్సిన అన్‌లాక్ కీ వచ్చేది దానికే కదా, తీరా చూస్తే అది ఎప్పుడో మానేసిన గుమస్తాదో, అమ్మిన డీలర్‌దో అయి ఉంటుంది. మీదా అంతే అయితే బిల్లు పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్ళి ముందు మెయిల్ మార్పించుకోండి.

బావమరిది సంగతి: డిస్క్ ఇవ్వొచ్చు, అందులోవి వాడుకోనివ్వకూడదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ మీ మదర్‌బోర్డుకే చెల్లుతుంది, మీది టాలీలో సిల్వర్ రకం లైసెన్స్ అయితే అదీ ఒక్కరికే. ఫార్మాట్ చేసి ఇవ్వండి, అదీ కొత్తదాంట్లో టాలీ యాక్టివేట్ అయి, పాత సంవత్సరాల కంపెనీలు కూడా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే.