మామగారి నిద్రమాత్రల గురించి సుధకు

సుధా,

మొన్న రాత్రి పదకొండింటికి నువ్వు ఫోన్ చేసి "అత్తా, మామయ్యగారిని లేపితే సరిగ్గా లేవట్లేదు, మాత్ర రెండుసార్లు వేసుకున్నారేమో" అన్నావు. నేను అడిగినవి రెండే. పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి ఎలా ఉంది. పలికారు, విసుక్కున్నారు కూడా. ఆసుపత్రిలో రాత్రంతా ఉంచి పంపించారు. తెల్లారి కాఫీ అడిగారని నవ్వావు గానీ, "నాకు చేతులాడలేదత్తా" అన్న మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

క్యాజువాలిటీలో నర్సుగా ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం, జోల్పిడెం లాంటి నిద్రమాత్రలు ఎక్కువ మింగినవాళ్ళను చాలామందిని చూశాను. ఈ మాత్రలు యాసిడ్‌లా లోపలి అవయవాలను కాల్చవు. మెదడును మత్తులో ముంచేస్తాయి. ఆ మత్తులో నాలుక వెనక్కి జారుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఊపిరి మందగిస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. కాబట్టి మన పని మాత్రను బయటికి లాగడం కాదు, ఊపిరి ఆగకుండా చూడడం.

ముందు మాట ముద్దముద్దగా వస్తుంది. తాగినవాళ్ళలా తూలతారు. అడిగిందే అడుగుతారు. పెద్దవాళ్ళయితే ఒక్కోసారి గందరగోళపడి కేకలు కూడా వేస్తారు. తర్వాత పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తారు. ఆ తర్వాత అదీ ఉండదు. భుజం తట్టి గట్టిగా పిలువు. పలక్కపోతే పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద రుద్ది చూడు. లేపడం కష్టంగా ఉందంటే చాలు, 108కి ఫోన్ చెయ్యి. పూర్తిగా స్పృహ తప్పేదాకా ఆగకు.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకో. ఛాతీ, పొట్ట కలిసేచోట చెయ్యి పెట్టి ఫోన్‌లో గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం. సగం నిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యకు, మధ్యలో వచ్చే ఖాళీలు తెలియవు. మామూలుగా 12 నుంచి 20 ఉంటాయి. 10 కంటే తగ్గినా, పెదవుల లోపలి వైపు, గోళ్ళు నీలంగా మారినా అది పెద్ద ప్రమాదం.

గురక సంగతి విడిగా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నైట్ డ్యూటీలో, అలాంటి పేషెంట్ ఒకాయన గురక పెడుతుంటే చార్టులో "నిద్రపోతున్నారు" అని రాశాను. హెడ్ నర్సు వచ్చి ఆయన కింది దవడను రెండు చేతులతో పైకెత్తింది. గురక ఠక్కున ఆగి ఛాతీ నిండుగా లేచింది. "అది నిద్ర కాదే, గొంతు మూసుకుపోతున్న చప్పుడు" అంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోజూ గురక పెట్టే మనిషైనా సరే, ఆ రాత్రి గురకకు వేరే అర్థం ఉండొచ్చు.

స్పృహ లేకుండా ఊపిరి ఉంటే ఎడమ పక్కకు తిప్పు. ఆయన ఎడమ వైపు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వైపు చెయ్యి బారచాపి, అవతలి మోకాలు మడిచి నీవైపు లాగితే బరువైన మనిషి కూడా ఇట్టే తిరుగుతాడు. గడ్డం కాస్త పైకి, నోరు కిందికి ఉండాలి, వాంతయితే కారిపోయేట్టు. కట్టుడు పళ్ళు కదులుతుంటే తీసెయ్యి. ఊపిరే లేకపోతే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు వెళ్ళేలా నొక్కుతూ ఉండు. ఫోన్ స్పీకర్‌లో పెట్టు, 108 వాళ్ళు ఏం చెయ్యాలో చెబుతారు.

నోట్లో మాత్రం ఏమీ పోయకు. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు రసం, మజ్జిగ, చివరికి కాఫీ కూడా వద్దు. గొంతులో వేళ్ళు పెట్టొద్దు. మొహాన నీళ్ళు కొట్టి, చెరో రెక్క పట్టుకుని నడిపించొద్దు. ఒక కుర్రాడికి ఇంట్లోవాళ్ళు చెంబెడు ఉప్పునీళ్ళు పోసి తెచ్చారు. మాత్రల మత్తు రెండో రోజుకే దిగింది. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆ నీళ్ళు, వాంతి వల్ల వచ్చిన న్యుమోనియాతో మూడు వారాలు మంచం మీదున్నాడు. వాళ్ళ అమ్మ రోజూ నన్నే అడిగేది, నేను చేసింది తప్పా అని.

మామగారికి షుగర్ ఉంది కదా, 108 వచ్చేలోపు మిషన్‌తో ఒకసారి చూడు. షుగర్ పడిపోయినా మత్తుగానే ఉంటుంది. పక్షవాతమూ కావచ్చు, మూతి వంకరపోయిందేమో గమనించు. మాత్రల మీద అనుమానంతో వీటిని వదిలెయ్యొద్దు.

వెళ్ళేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్ళు, చెత్తబుట్టలోవి కూడా. ఎన్ని పోయాయి, ఎప్పుడు వేసుకుని ఉంటారు, మద్యం తాగారా, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నారా, ఇవన్నీ చెప్పు. నిద్రమాత్ర ఒక్కటే అయితే చాలామంది కోలుకుంటారు. మద్యంతోనో, అలాంటి నొప్పిమాత్రలతోనో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం చాలా ఎక్కువ. డిప్రెషన్‌కు ఇచ్చే అమిట్రిప్టిలిన్ ఉంటే గుండె లయ తప్పొచ్చు, పారాసిటమాల్ ఉంటే మొదటి రోజు ఏమీ తెలియకుండా తర్వాత కాలేయం దెబ్బతింటుంది. దానికి విరుగుడు 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఆసుపత్రిలో ఆక్సిజన్, సెలైన్, ఈసీజీ, అవసరమైతే గొంతులో ట్యూబు. "కడుపు కడగండి" అని డాక్టర్లతో పోట్లాడకు, ఇప్పుడు చాలావరకు కడగరు. కడుపులోని మాత్రను పీల్చుకునే బొగ్గుపొడి మందు కూడా మొదటి గంటలో, అదీ మెలకువగా ఉంటేనే. ఫ్లుమజెనిల్ అని విరుగుడు ఉంది గానీ ఏళ్ళ తరబడి మాత్రలు వాడేవాళ్ళకు దాంతో ఫిట్స్ రావచ్చు, పైగా గంట తర్వాత మత్తు తిరిగొస్తుంది. అందుకే డాక్టర్లు వెనకాడతారు.

పోలీసు కేసవుతుందని నిజం దాచొద్దు. ఏ ఆసుపత్రయినా ముందు వైద్యం చెయ్యాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చూడాలి, శిక్షించకూడదు.

ఇంకో మాట. మాత్ర రెండుసార్లు వేసుకున్నది మతిమరుపుతోనేనా? మీ అత్తగారు పోయి ఏడాది తిరగలేదు. పక్కన కూర్చుని సూటిగానే అడుగు, "మామయ్యా, బతకాలని లేదనిపిస్తోందా" అని. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు, డాక్టరుకు చూపించు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మాత్రలు బీరువాలో తాళం వేసి, రాత్రికి ఒక్కటే చేతికివ్వు. భయపడి ఒక్కసారిగా మానిపించకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు. ఆ సందుచివరి మెడికల్ షాపబ్బాయికి చెప్పు, చీటీ లేకుండా స్ట్రిప్ ఇస్తే ఊరుకోనని.

108, ఎయిమ్స్ విషసమాచార కేంద్రం 1800 116 117, ఈ రెండు నంబర్లు ఫ్రిజ్ మీద అంటించు. ఎడమ పక్కకు తిప్పడం ఈ ఆదివారం నువ్వూ మీ ఆయనా ఒకరి మీద ఒకరు చేసి చూడండి. నవ్వొచ్చినా పర్లేదు, రెండుసార్లు చెయ్యండి.

మీ అత్త