సుంకం రాయితీ చూపిస్తే పొరుగు దేశం మారుతుందా?

యూరప్ వాళ్ళు సుంకం రాయితీ ఇస్తే శ్రీలంకలాంటి దేశాల్లో ప్రజాస్వామ్యం నిజంగా బాగుపడుతుందా అని ఒకరు అడిగారు. కొంత బాగుపడుతుంది, అయితే మార్పు కావాలని గట్టిగా అడిగేవాళ్ళు లోపలే ఉండాలి. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో ఎనిమిదేళ్ళు క్వాలిటీ విభాగంలో పనిచేశాను. అక్కడ చూసిందాన్ని బట్టే చెబుతున్నాను.

హక్కులు, కార్మికులు, పర్యావరణం, పాలనకు సంబంధించిన 27 అంతర్జాతీయ ఒప్పందాలను పాటించే దేశాలకు యూరోపియన్ యూనియన్ జీఎస్పీ ప్లస్ అనే రాయితీ ఇస్తుంది. హక్కుల ఉల్లంఘనల కారణంగా 2010 ఆగస్టులో శ్రీలంకకు దాన్ని ఆపేశారు. అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స తగ్గలేదు. మరుసటి నెలలోనే 18వ రాజ్యాంగ సవరణ తెచ్చి, రెండుసార్లకు మించి అధ్యక్షుడు కాకూడదన్న నిబంధననే ఎత్తేశారు. దెబ్బ పడింది బట్టల ఫ్యాక్టరీల మీద. అక్కడ కుట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

మా దగ్గరా అదే జరిగింది. యాంటీబయాటిక్ ఆనవాళ్ళు దొరికాయని ఒకసారి యూరప్ నుంచి కంటైనర్ వెనక్కి వచ్చింది. ఏ చెరువులో మందు వాడారో తేలనేలేదు. యజమాని నష్టాన్ని తట్టుకున్నాడు. రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళకు మాత్రం పదిహేను రోజులు పని లేదు. పొద్దున్నే ఆటోలో వచ్చి, గేటు దగ్గర నిలబడి, "ఇవాళైనా ఉందా బాబూ?" అని అడిగి వెళ్ళిపోయేవారు. వాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది.

చెరువుల్లో మందుల వాడకం తగ్గింది ఆ తర్వాతే. చెరువులో రొయ్యలు పట్టకముందే శాంపిల్ తీసి, బాగున్న సరుకుకు కిలోకు కాస్త ఎక్కువ ఇవ్వడం మొదలుపెట్టాం. దాంతో మందు వాడని రైతులే పక్క చెరువువాళ్ళను నిలదీశారు.

శ్రీలంకలో ఆ పని ఓటర్లు చేశారు. 2015 జనవరిలో రాజపక్సను ఓడించారు. ఆ ఏడాదే 19వ సవరణ రెండుసార్ల పరిమితిని తిరిగి తెచ్చింది. రాయితీ మళ్ళీ వచ్చింది 2017 మేలో. అది చేతిలో ఉండగానే 2020లో 20వ సవరణ అధ్యక్షుడి అధికారాలను మళ్ళీ పెంచింది. 2022లో జనం వీధుల్లోకి వచ్చాక 21వ సవరణతో కొన్ని తగ్గాయి.

అలాగని రాయితీ వల్ల ఏమీ కాలేదనను. 2021 జూన్‌లో యూరప్ పార్లమెంటు దాన్ని తాత్కాలికంగా ఆపే విషయం ఆలోచించమని తీర్మానించింది. 2022 మార్చిలో శ్రీలంక తన ఉగ్రవాద నిరోధక చట్టాన్ని సవరించి, విచారణ లేకుండా నిర్బంధించే గడువును 18 నెలల నుంచి 12 నెలలకు తగ్గించింది. చట్టం రద్దు కాలేదు. కానీ లోపల ఉన్న మనిషికి, బయట ఎదురుచూసే వాళ్ళమ్మకు ఆరు నెలలంటే చాలా ఎక్కువ.