ప్రశ్న–జవాబు: జెట్ సిస్టమ్స్ పరీక్షకు బట్టీ పనికొస్తదా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) అయిపోయింది, ఒక ఎయిర్‌లైన్‌ల సెలెక్టయిన, ఎంబ్రాయర్ 175 విమానం మీద గ్రౌండ్ స్కూల్ (క్లాసు పాఠాలు) నడుస్తుంది. కొద్దిరోజులల్ల సిస్టమ్స్ పరీక్ష (విమానంల కరెంటు, హైడ్రాలిక్ అసొంటివి ఎట్ల పనిచేస్తయో అడిగేది), రాసేదానితోపాటు ఓరల్ గూడ ఉంటదట. మాన్యువల్ చూస్తేనే భయమైతుంది. సీనియర్ ఒకాయన సీఆర్‌జే అనే వేరే విమానం నోట్సు, ఒక క్వశ్చన్ బ్యాంకు ఇచ్చిండు, అవే బట్టీ పడుతున్న గని పొద్దున చదివింది రాత్రికి ఉంటలేదు. ఏం చెయ్యమంటవ్?

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ సీఆర్‌జే నోట్సు పక్కకు పెట్టు. రెండూ రీజనల్ జెట్లే, రెండిట్లనూ జీఈ వాళ్ల సీఎఫ్34 ఇంజిన్లే, అయినా లోపల సంగతి వేరు. సీఆర్‌జే 200కు రెక్క ముందంచున స్లాట్లే (ముందుకు జరిగే పలకలు) ఉండయి, నీ 175కు ఉంటయి. కరెంటంతా పోయినప్పుడు బయటికి వచ్చి గాలికి తిరిగి కరెంటు ఇచ్చే టర్బైన్‌ను అక్కడ ఏడీజీ అంటరు, నీ దగ్గర ర్యాట్ అంటరు. నీ దాంట్ల విమానాన్ని తిప్పే పలకలల్ల ఎలివేటర్, రడ్డర్, స్పాయిలర్లు ఫ్లై బై వైర్ (కరెంటు సిగ్నల్‌తోని నడిచేటివి), ఐలెరాన్లు మాత్రం కేబుళ్లే, ఓరల్‌ల అడిగేటోళ్లకు ఇసొంటి ప్రశ్నలంటే మస్తు ఇష్టం. నీ ఎయిర్‌లైన్ ఇచ్చిన మాన్యువల్, అది గూడ లేటెస్ట్ రివిజన్, అదొక్కటే నమ్ము.

ఇగ బట్టీ సంగతి. లిమిటేషన్లు (దాటకూడని అంకెలు), మెమరీ ఐటమ్స్ (ఎమర్జెన్సీల పుస్తకం చూడకుండ చేసే పనులు) ఈ రెండూ బట్టీనే పట్టాలె, అక్షరం తప్పొద్దు, దాంట్ల వాదన లేదు. మిగిలిన సిస్టమ్స్ అట్ల రావు. ఎవరు ఎవరికి పవర్ ఇస్తున్నరు, వాళ్లు పోతే ఎవరు ఎత్తుకుంటరు, ఇది తెలిస్తే సగం ప్రశ్నలకు జవాబు అదే వస్తది.

కరెంటుతోనే మొదలువెట్టు. ఒక్కో ఇంజిన్‌కు ఒక ఐడీజీ (ఇంజిన్‌తోని తిరిగే జెనరేటర్), ఒక్కోటి 40 కేవీఏ (కరెంటు ఇచ్చే సత్తా కొలత), ఏపీయూ (తోకల ఉండే చిన్న ఇంజిన్) జెనరేటర్ గూడ 40 కేవీఏనే. అందుకే ఒకటి పోతే ఇంకోటి అందుకుంటది. అన్నీ పోతే వచ్చే ర్యాట్ మాత్రం 15 కేవీఏ. ఇంట్ల కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు నడుస్తయి గని బోరు మోటరు నడవదు గదా, ఎందుకంటే వైరింగ్ అప్పుడే ఇన్వర్టర్ లైన్ వేరే గుంజి పెట్టినం. బస్సు అంటే ఇక్కడ కరెంటు పంచే లైను, ఎసెన్షియల్ బస్సులంటే ఆ ఇన్వర్టర్ లైన్ల అసొంటివే. ఏ బస్సు మీద ఏమున్నదో లిస్టు రాసి కంఠస్తం చేసుడు కాదు, ర్యాట్ మీద ఉన్నప్పుడు పైలట్‌కు ప్రాణానికి ఏమేం కావాలె అని ఆలోచించు, లిస్టు సగం నువ్వే చెప్తవ్.

తర్వాత ఒక్క ఫెయిల్యూర్ పట్టుకొని అన్ని చాప్టర్లు తిరుగు. ఇంజిన్ 2 ఆగిందనుకో. ఐడీజీ 2 పోయింది, ఇంజిన్‌తోని తిరిగే హైడ్రాలిక్ పంపు పోయింది, ఆ పక్క బ్లీడ్ ఎయిర్ (ఇంజిన్ నుంచి తీసుకునే వేడి గాలి) పోయింది. ఏసీ బస్ 2ను ఎవరు మోస్తరు? ఐడీజీ 1 గాని ఏపీయూ గాని. హైడ్రాలిక్ సిస్టమ్ 2కు ఎలక్ట్రిక్ పంపు ఉన్నది, అయితే ల్యాండింగ్ గేర్ ఈ సిస్టమ్ మీదనే ఉన్నది, టేకాఫ్‌ల ఇంజిన్ పోతే గేర్ జల్ది పైకి పోవాలె, అందుకే పీటీయూ (పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్) పెట్టిండ్రు. సిస్టమ్ 1 ప్రెషర్‌తోని అది సిస్టమ్ 2ను నడిపిస్తది, ద్రవం మాత్రం ఇటుది అటు కలవదు. మరి సిస్టమ్ 1కు ఇసొంటి సాయం ఎందుకు పెట్టలేదని అడిగితే? గేర్ దాని మీద లేదు కాబట్టి. చూసినవా, కారణం తెలిస్తే గుర్తుపెట్టుకునే పనే లేదు. మూడో సిస్టమ్‌కు ఇంజిన్ పంపే ఉండది, రెండూ ఎలక్ట్రిక్ పంపులే, 3ఏ, 3బీ. మూడు సిస్టమ్స్‌ల ప్రెషర్ 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఈ అంకె మాత్రం నోటికి రావాలె.

ఇంజిన్‌కు మంట అంటుకుంటే వాడే ఫైర్ హ్యాండిల్ గూడ ఇట్లనే. లాగుడు వేరు, తిప్పుడు వేరు. లాగితే ఆ ఇంజిన్‌కు ఇంధనం, హైడ్రాలిక్, బ్లీడ్ వాల్వులు మూసుకుంటయి, తిప్పితే మంటలార్పే మందు బాటిల్ పేలుతది, అంటే మందు ఇంజిన్‌ల పడతది. ఇంజిన్ల కోసం రెండు బాటిళ్లు, ఏదైనా ఏ ఇంజిన్‌కైనా వాడొచ్చు. చాలామంది లాగంగనే బాటిల్ పేలిందని రాసొస్తరు.

క్వశ్చన్ బ్యాంకు పారెయ్యకు, ఆఖరి రెండు రోజులకు దాచిపెట్టు. ఇప్పుడు చూస్తే ఆప్షన్ బీ అని గుర్తుంటది, ఎందుకు బీ అని ఉండది, ఓరల్‌ల ఆప్షన్లు ఎవరూ ఇయ్యరు గదా. తెల్లకాగితం మీద ఎలక్ట్రికల్, హైడ్రాలిక్ డయాగ్రాములు చూడకుండ గీసుడు మాత్రం రోజూ చెయ్యి.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్న సార్. తెలుగు మీడియంల చదివిన, సిస్టమ్ అర్థమైతది గని ఓరల్‌ల ఇంగ్లిష్‌ల చెప్పుమంటే నోరు పడిపోతది.

జవాబు: మీకు ఐకావో (అంతర్జాతీయ విమానయాన సంస్థ) ఇంగ్లిష్ లెవెల్ 4 వచ్చే ఉంటది, అది లేకుండ ఇంటర్నేషనల్ ఫ్లయింగే లేదు, అంటే అవసరమైన ఇంగ్లిష్ మీ దగ్గర ఉన్నట్టే. ముందు తెలుగులనే బిగ్గరగా మొత్తం చెప్పుకోండి, ఇంట్లోళ్లు పిచ్చోడనుకున్నా పరవాలేదు. ఆ తర్వాత అదే మాట మాన్యువల్‌ల ఉన్న పదాలతోని, చిన్నచిన్న వాక్యాలల్ల. పంపు ఎప్పుడు ఆన్ అయితది, ఎవరు పవర్ ఇస్తరు, ఫెయిలైతే ఐకాస్ (కాక్‌పిట్‌ల హెచ్చరికలు చూపే స్క్రీన్) మీద ఏ మెసేజ్ వస్తది, అది ఎర్రదా అంబర్ (నారింజ పసుపు) రంగుదా, గంతే. పరీక్ష పెట్టేటాయనకు వ్యాకరణంతోని పనిలేదు. అడిగినదానికి జవాబిచ్చి ఆగండి, ఎక్కువ చెప్తే ఆ చెప్పిన దాంట్లకెల్లే తర్వాతి ప్రశ్న తీస్తరు.